పూటకూళ్ళ ఇంటి పుస్తకం

బోధను పట్టణాన్ని మా ప్రాంతపు పెద్దలు నేటికీ ఏకచక్రపురమని చెప్పుకొంటారు. లక్కయింటి నుండి తప్పించుకొన్న పాండవులు తల్లితో కూడ వచ్చి తలదాచుకొన్న ఊరు అదేననీ, భీముడు బకాసురుని చంపినది ఆ పొలిమేరలోనేననీ స్థలపురాణం. చరిత్రకారుల లెక్క వేరు. వారిలో పలువురికి బోధను అంటే అశ్మక జనపదానికి రాజధానియైన పోదనపురం. ఆ వాదంలోకి నేను దిగను. నాకు కావలసినది ఆ కథలోని ఒక చిన్న సంగతి.

పాండవులు దిగినది సత్రంలో కాదు. నలుగురి ఇండ్ల నడుమ ఉన్న ఒక గృహస్థు ఇంట్లో. పేర్లు దాచుకొన్నారు, వేషం మార్చుకొన్నారు, పగలు భిక్షకు పోయి పొద్దు వాలిన తర్వాత ఇల్లు చేరుకొనేవారు. నేటి భాషలో చెప్పవలెనంటే ఏ గుర్తింపు కాగితమూ లేని అయిదుగురు యువకులు, వారి తల్లి, కొన్నాళ్ళ బస. ఆ ఊరికి ఒక వంతు ఉన్నది. దినానికొక ఇంటివారు బకునికి బండెడు అన్నంతో పాటు ఒక మనిషిని కూడ పంపవలె. తమకు బస ఇచ్చిన గృహస్థుకు ఆ వంతు వచ్చిన నాడు గోడ అవతలి ఏడుపు విన్న కుంతి, నీ ఇంట్లో ఉన్నవాళ్ళము కనుక నీ వంతు మా వంతు అన్నది. తన కొడుకునే పంపినది.

ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినాను. ఈ కథను ఎన్నిమార్లు చెప్పి ఉంటానో! అయినా ఇది ఒక కిరాయి కథ అని ఏనాడూ తట్టలేదు. తట్టినది మొన్న మా అబ్బాయి హైదరాబాదు నుండి ఫోను చేసినప్పుడు.

నేను ఉండేది రుద్రూరులోనే. నిజామాబాదు పట్టణంలో, ఒక పాత కాలనీలో, భవిష్యనిధి డబ్బులు పెట్టి కట్టుకొన్న చిన్న మేడ ఒకటి ఉన్నది. పదేండ్లుగా ఉన్న కిరాయిదారు ఖాళీ చేసినాడు. "ఇంకొక ఫ్యామిలీ కోసం చూసుడెందుకు నాన్నా, రోజువారీ కిరాయికి ఇద్దాం. బాసరకు పోయేవాళ్ళుంటరు, ట్రిపుల్ ఐటీల పిల్లల్ని చూడొచ్చే తల్లిదండ్రులుంటరు. అంతా ఫోన్లనే అయిపోతది. తాళానికి కూడ నంబర్లే. మీరు పోనక్కరలేదు" అన్నాడు. లాభమైన మాటే. నెల కిరాయి నాలుగు రోజులలో వచ్చేటట్లున్నది.

ఆ వారమే నిజామాబాదు పోయి ఎదురింటి వారికి ఈ సంగతి చెప్పినాను. ఆయనా రిటైరైనవారే, రెవెన్యూ శాఖలో పనిచేసినారు. కాసేపు ఊరకుండి, "సార్, మీరుంటే మాకేం బాధ లేదు. మీరుండరు గదా" అన్నారు.

ఆ ఒక్క మాట నన్ను పాత పుస్తకాల దగ్గరికి నడిపించినది. బాటసారికి నివాసాల నడుమ బస ఇచ్చే విషయంలో మన పట్టణాలు ఎప్పుడెప్పుడు ఏ కట్టడి చేసినవో వెదకుదామని కూర్చున్నాను. దొరికినంత ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట కనబడేది కౌటిల్యుడే. అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నాగరకుని విధులు చెప్పే అధ్యాయమున్నది. నాగరకుడంటే పట్టణాధికారి. ఆయన కింద స్థానికుడు, ఆ కింద గోపుడు. ఈ గోపుడు పదో, ఇరవయ్యో, నలభయ్యో ఇండ్లకు ఒకడు. ఇంటింటి స్త్రీ పురుషుల పేర్లు, వృత్తులు, రాబడి పోబడులు అతనికి తెలిసి ఉండవలె. ధర్మసత్రం నడిపేవాడు వచ్చిన బాటసారులను గురించి ఇతనికి తెలుపవలె. ఇంటి యజమాని కూడ తన ఇంటికి వచ్చినవారినీ ఇంటి నుండి పోయినవారినీ తెలుపవలె. తెలుపకపోతే ఆ రాత్రి ఊరిలో జరిగిన నేరం అతని నెత్తికి చుట్టుకొంటుంది. ఏమీ జరుగని క్షేమరాత్రియైనా సరే, మూడు పణాల జరిమానా తప్పదు. జరిమానా నేరానికి కాదు, చెప్పకపోయినందుకు. ఈ భేదాన్ని గమనించండి, మరల దీని పని పడుతుంది.

ఆ అధ్యాయంలోనే ఇంకొక మాట నన్ను ఆపినది. శిల్పులు తమ పనిచోట తోటి శిల్పులకు, వర్తకులు తోటి వర్తకులకు బస ఇవ్వవచ్చును. కల్లు అమ్మేవారు, వండిన మాంసం అమ్మేవారు, వండిన అన్నం అమ్మేవారు, వేశ్యలు మాత్రం తమకు బాగా తెలిసినవారికే బస ఇవ్వవలె. వండిన అన్నం అమ్మేవానికి అక్కడ వాడిన మాట ఔదనికుడు. ఓదనం అంటే అన్నం. మన పూటకూళ్ళ ఇంటికి ఇంతకన్న పాత ముత్తాత నాకు కనబడలేదు. రాజుకు వీరి మీద అనుమానమున్నది, అయినా మూసివేయుమనలేదు. ఎరిగినవానిని ఉంచుకో, ఎరుగనివాని జోలికి పోకు అని మాత్రమే అన్నాడు.

ఇక మన భాషలోకి వస్తే, ఓరుగల్లు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కాకతీయుల రాజధానిలో ఒక దినమంతా తిరుగుతారు. మధ్యాహ్నం ఆకలి వేస్తే పూటకూటి ఇంటికే పోతారు. ఒక్క రూకకు ఎన్ని వంటకాలు వడ్డించేవారో కవి నోరూరేటట్లు జాబితా కట్టి చెప్పినాడు. ఆ పద్యం పాఠం చెప్పిన నాడు తరగతిలో మధ్యాహ్నపు గంట కొట్టక ముందే పిల్లలు టిఫిను డబ్బాల వైపు చూసేవారు. భోజనం సంగతి అటుంచి నేను అడిగేది వేరు. ఆ ఇల్లు ఎవరిది? ఊరికి దూరంగా కట్టిన సత్రమా? కాదు. ఫలానా వారి ఇల్లు అని యజమాని పేరుతోనే కవి చెప్పినాడు. ఆ వంట ఆ పేరుకు కట్టుబడి ఉన్నది.

ఆ తర్వాతి కాలంలో నివాసం వేరు, బాటసారి బస వేరు అనే పద్ధతి బలపడినది. కుతుబ్‌షాహీల నాటి సరాయిలు చూడండి. షేక్‌పేట సరాయి గోలకొండ కోటకు చేరువలో, దారి పక్కన ఉన్నది. హయత్‌నగరులో మసీదు చుట్టూ కట్టిన గదుల వరుస బందరు బాటమీద ఉన్నది. పదునేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే, వర్తకులూ దళారులూ కాపురముండే శివారులోని మసీదులే పరదేశులకు బసగా ఉపయోగపడేవని వ్రాసినాడు. నగరం లోపలికి పోవలెనంటే కావలివాళ్ళు ఉప్పు, పొగాకు ఉన్నవేమోనని మూటలు వెదికేవారట. పరదేశి ఊరి అంచునే ఆగిపోయేవాడు, లోపలి వీధులకు ఈ చిక్కు చాల వరకు తప్పినది.

కాని ఊరి అంచున సరాయి లేని చోట? 1830లో మదరాసు నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కడప, హైదరాబాదు, నిర్మల మీదుగా నాగపూరు దారి పట్టినారు. ప్రతి మజిలీలోనూ దిగుటకు చోటున్నదా, సామాను దొరుకునా అన్నదే ఆయన మొదటి చింత. పెద్ద పరివారంతో పోయే దొర ఆయన, డేరాలు వెంట ఉన్నవి. సామాన్యుడు ఎవరి అరుగు మీదనో పడుకోవలసినదే. మా మాటల్లోనే ఆ చరిత్రంతా ఉన్నది. విడిది, బస మన ఇంటి మాటలు. మజిలీ, మకాము, సరాయి, ముసాఫిర్‌ఖానా బాటసారులతో పాటు అరబ్బీ పారసీకాల నుండి నడచి వచ్చినవి. అతిథి అన్న మాటకు తిథి నియమం లేనివాడని మనం పిల్లలకు చెప్పుతాము. మనుస్మృతి ఇంకొంచెం పట్టుగా, ఒక్క రాత్రి నిలిచేవాడే అతిథి అన్నది. రెండవ రాత్రి నుండి ఏమని పిలువవలెనో చెప్పలేదు. మా నాయనమ్మ చెప్పేది. ఆ మాట ఇక్కడ వ్రాయకూడదు.

ఇంగ్లీషువారి చట్టాలు పుట్టినది అతిథి మర్యాద నుండి కాదు, కలరా భయం నుండి, దొంగల భయం నుండి. లండనులో కూలీజనం ఒక్కొక్క రాత్రికి డబ్బిచ్చి పడుకొనే ఇండ్లను నమోదు చేసి తనిఖీ చేయవలెనని 1851లో ఒక చట్టం చేసుకొన్నారు. మన దేశానికి 1867లో సరాయిల చట్టం తెచ్చినారు. సరాయి నడిపేవాడు జిల్లా మేజిస్ట్రేటు దగ్గర పేరు నమోదు చేసుకోవలె. గదులు, వసారాలు, మోరీలు, బావులు శుభ్రంగా ఉంచవలె. కావలివానిని పెట్టవలె. కిరాయి పట్టికను అందరికీ కనబడే చోట తగిలించవలె. అంటురోగం వచ్చినా, ఎవరైనా చనిపోయినా వెంటనే పోలీసు ఠాణాకు తెలుపవలె. తప్పితే ఇరవై రూపాయల జరిమానా. మేజిస్ట్రేటు కోరితే సరాయివాడు తన నడవడిని గురించి యోగ్యతాపత్రం కూడ చూపవలె. ఇది నిజాము రాజ్యానికి వర్తించలేదు, మేము అప్పుడు వేరే సర్కారు.

అన్నిటికన్న మన విషయానికి దగ్గరైనది పూరీ. అక్కడ యాత్రికులు దిగినది సరాయిల్లో కాదు, ఇండ్లలో. రథయాత్ర నాళ్ళలో ఊరిలోని సంసారుల ఇండ్లే బసలైపోయేవి. ఉత్తరాంధ్ర నుండి నడచిపోయిన మనవాళ్ళు కూడ ఆ గదులలోనే కిక్కిరిసి పడుకొన్నారు. కలరా యాత్రాస్థలాల నుండే లోకమంతా పాకుతున్నదని 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన అంతర్జాతీయ సభలో గగ్గోలు పుట్టినది. ఆ నేపథ్యంలో 1871లో బెంగాలు ప్రభుత్వం పూరీ బస ఇండ్లకు ప్రత్యేకంగా చట్టం చేసినది. ఒరిస్సా అప్పుడు దాని కిందనే ఉండేది. ఇంట్లో యాత్రికులను ఉంచుకొనేవారికి లైసెన్సు ఉండవలె. ఆరోగ్యాధికారి వచ్చి చూసి ఈ ఇంట్లో ఇంతమందే అని నిర్ణయిస్తాడు. అంతకు మించితే శిక్ష. లైసెన్సు, తనిఖీ, తలల లెక్క. నూట యాభై ఏండ్ల తర్వాత పెద్ద పెద్ద నగరాలు కనిపెట్టుకొన్న నియమాలలో సగం ఇక్కడే ఉన్నవి. మదరాసు రాష్ట్రం 1939లో చేసిన ప్రజారోగ్య చట్టం కూడ హోటళ్ళతోనూ ధర్మశాలలతోనూ ఆగలేదు. డబ్బు తీసుకొని వచ్చిపోయేవారికి పడుకొనే చోటిచ్చే ఇల్లేదైనా బస ఇల్లే అన్నది.

పూటకూళ్ళ ఇంటికి మన సాహిత్యంలో చిరస్థాయి ఇచ్చినవారు గురజాడవారు. కన్యాశుల్కం 1897లో అచ్చైనది, నేడు మనం చదివే రూపం 1909 నాటిది. గిరీశం వంటి కిరాయిదారుణ్ణి ఏ లైసెన్సూ ఏమీ చేయలేదు. పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వెదుక్కొంటూ వచ్చినది. ఆమె ఎవరు, ఆమె ఇల్లు ఏది, ఆమె ఇంట్లో ఉన్నవాడెవడు అన్నది విజయనగరం వీధిలో అందరికీ తెలుసు.

నాకు కూడ ఒక పూటకూళ్ళమ్మ తెలుసు. ఆమె మా మేనత్త.

మంజీర మీద నిజాంసాగరు ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయినది. ఆ నీటితో మా నేల చెరుకు నేలయైనది. కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చి కట్టుకొన్న క్యాంపులు నేటికీ బోధను, వర్ని, రుద్రూరు చుట్టూ ఉన్నవి. 1937లో ఏర్పడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ బోధను పక్కన శక్కర్‌నగరును ఒక ఊరుగా నిలబెట్టినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని మా సాంఘికశాస్త్రం సారు గర్వంగా చెప్పేవారు. ఫ్యాక్టరీ కొలువులవారికి క్వార్టర్లు ఉండేవి. గానుగ కాలానికి మాత్రమే వచ్చే వారికి ఏముంటుంది? చలికాలం మొదలుకొని ఎండలు ముదిరే వరకు నాలుగైదు నెలల పని. కొందరికి నెల, కొందరికి పక్షం. మహారాష్ట్ర దిక్కు నుండి, మెదకు దిక్కు నుండి వచ్చేవారు. చెరుకు బండ్లు రాత్రంతా బారులు తీరి ఉండేవి. ఎద్దుల మెడ గంటలు, మొలాసిస్ వాసన, మూడు పూటల సైరను. నేను బోధనులో హైస్కూలు చదివిన సంవత్సరాలు నాకు ఈ మూడింటితోనే జ్ఞాపకం.

అత్త చిన్ననాడే భర్తను పోగొట్టుకొన్నది. శక్కర్‌నగరు దారిలో ఒక వీధిలో మూడు గదుల పెంకుటిల్లు ఆమెది. రెండు గదులు గానుగ కాలంలో కిరాయికి ఇచ్చేది, రెండు పూటల అన్నం పెట్టేది. షిఫ్టు దిగినవాడు వచ్చేసరికి షిఫ్టు ఎక్కేవాడు లేచేవాడు. ఒకే మంచం ఇద్దరికి సరిపోయేది. ఇరుగుపొరుగు మొదట్లో ఏమీ అనలేదు, తర్వాత గొణిగినారు. మగవాళ్ళు వస్తారు, పోతారు, అర్ధరాత్రి తలుపు చప్పుడు, వీధి నల్లా దగ్గర బీడీల పొగ. వారి గొణుగుడులో తప్పేమున్నది?

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు ఒక చలిరాత్రి, వచ్చి పన్నెండు రోజులైనా కాని ఒక కిరాయిదారు జ్వరంతో చనిపోయినాడు. నలభై ఏండ్లుంటాయి. మాట తక్కువ మనిషి. పాండు అని చెప్పుకొన్నాడు. నాందేడు దిక్కు అన్నాడు. పోలీసులు వచ్చి అడిగితే అత్త దగ్గర ఈ రెండు ముక్కలే ఉన్నవి. అతని సంచిలో ఒక ధోవతి, ఒక గిన్నె, పదకొండు రూపాయలు. దెగ్లూరు వైపు పోయే బండ్లవాళ్ళతో కబురు పెట్టినారు. పాండు అనేవాళ్ళు ఆ దిక్కు ఊరికి పదిమంది ఉంటారు. రెండు దినాలు చూసినారు. ఎవ్వరూ రాలేదు.

పేరు నిజమో కాదో తెలియని మనిషికి కొరివి ఎవరు పెట్టవలె అని వీధిలో పెద్ద చర్చ జరిగినది. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. మా బాపు రుద్రూరు నుండి వచ్చినాడు. చర్చ అంతా విని, "అక్క ఇంట్ల ఉన్నడు గద" అని ఒక్క మాట అన్నాడు. కుండ పట్టుకొని నడిచినాడు. పదవ దినం కూడ బాపే చేసినాడు. ఏ గోత్రం చెప్పి చేసినాడో అడగవలెనని నాకు చాల కాలం తర్వాత తోచినది, అప్పటికి బాపు లేడు.

మరుసటి వారం ఆ వీధి పెద్దలు ముగ్గురు అత్త ఇంటికి వచ్చినారు. వెళ్ళగొట్టుటకు వచ్చినారనుకొన్నాము. వాళ్ళు అరుగు మీద కూర్చొని నాలుగు మాటలు చెప్పినారు. నలుగురి కన్న ఎక్కువ మందిని ఉంచవద్దు. రాత్రి షిఫ్టువాళ్ళు తప్ప పది దాటినాక ఎవరూ తలుపు తట్టవద్దు. నువ్వు ఇంట్లో లేని రాత్రి ఎవరూ ఉండవద్దు. వచ్చినవాని వివరం వ్రాసి పెట్టు. మునిసిపాలిటీ కాగితం లేదు, ముద్ర లేదు. అత్త ఒప్పుకొన్నది. దుకాణం నుండి ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం తెప్పించి నా ముందు పెట్టినది. దస్తూరి బాగుంటుందని వ్రాసే పని నాది.

"పేరొక్కటే రాస్తే పేరు కాదు బిడ్డా. తండ్రి పేరు రాయి, ఊరు రాయి. ఊర్ల ఎవరి ఇంటి పక్క ఇల్లో అడిగి అది రాయి" అనేది. ఆ చివరి గడి ఏ చట్టంలోనూ నాకు కనబడలేదు. తండ్రి పేరు అబద్ధం చెప్పవచ్చును, ఊరు అబద్ధం చెప్పవచ్చును. పొరుగింటి వారి పేరు ఠక్కున అడిగితే అబద్ధం నోటికి రాదని ఆమె నమ్మకం. ఒక సంవత్సరం దగ్గరి చుట్టాల ఇంట పెండ్లికి మూడు వారాలు పోవలసి వచ్చి, మంచి గానుగ కాలంలో రెండు గదులకూ తాళం వేసి పోయినది. ఆ నష్టాన్ని గురించి ఒక్కనాడైనా మాట్లాడలేదు.

పుస్తకం నా దగ్గరనే ఉన్నది. సుమారు పదునాలుగు సంవత్సరాల పేర్లు. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయినది, 2015 డిసెంబరులో లాకౌటు అయినది. కిరాయికి గదులడిగేవారు లేక ఆ వీధిలో ఇప్పుడు సగం తలుపులకు తాళాలు. అత్త అవి చూడకుండానే పోయినది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నదాన్ని 2004లో హైదరాబాదు అమీర్‌పేటలో చూసినాను. కంప్యూటరు కోర్సు మూడు నెలలు నేర్చుకొనుటకు మా విద్యార్థులు అక్కడికి పోయేవారు. సంజీవరెడ్డినగరు ఇండ్లు ఒకటొకటిగా హాస్టళ్ళైన కాలం అది. ఒక పిల్లవాని తండ్రి కోరగా చూడబోయినాను. పేరు చెప్పితే ద్వారం దగ్గరి మనిషికి తెలియలేదు. "బెడ్ నంబరెంత?" అన్నాడు. ఇంటి యజమాని ఎవరని అడిగితే, లీజుకిచ్చి వేరే చోట ఉంటున్నారన్నాడు. పక్కింటి ముసలామె గేటు లోపల నుండే నన్ను ఎగాదిగా చూసినది. ఆమె మొగం నాకు గుర్తున్నది. వీధిలో ఆమె ఎరిగిన మొగాలు ఎన్ని మిగిలి ఉంటాయో!

ఇక ఇప్పటి కాలం. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కిరాయి కట్టలేక ఇద్దరు యువకులు తమ ఇంటి ముందుగదిలో గాలిపరుపులు పరచి ముగ్గురు అతిథులను ఉంచుకొన్నారు. దాని నుండే మరుసటి సంవత్సరం ఎయిర్‌బీఎన్‌బీ అనే సంస్థ పుట్టినది. పరుపులు పరచిన ఆ మొదటి రాత్రి ఇంటివాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. అది పూటకూళ్ళ ఇల్లే. తర్వాత తర్వాత ఇంటివాళ్ళు తప్పుకొని ఇండ్లు మాత్రమే మిగిలినవి. ఒకే మనిషి పది ఇండ్లు, ఇరవై ఇండ్లు పెట్టి నడిపే వ్యాపారమైనది. కాపురమున్నవారికి కిరాయి ఇండ్లు కరువైనవి.

నగరాలు రెండు దారులు తొక్కినవి. ఒకటి రాత్రుల లెక్క. లండను 2015లో సంవత్సరానికి 90 రాత్రులన్నది. ఆమ్‌స్టర్‌డాము 30 అన్నది. జపాను 2018లో 180 దినాలన్నది. 120 వరకు ఒప్పుకొన్న పారిసు 2025 నుండి 90కి దించినది. బార్సిలోనా మేయరు ఇంకా ముందుకు పోయి, నగరంలోని 10,101 పర్యాటక గృహాల అనుమతులను 2028 నవంబరు నాటికి ముగించివేస్తామని 2024లో ప్రకటించినాడు. లెక్క పెట్టుట అధికారులకు సుళువు. కాని 89వ రాత్రి ఆ ఇంట్లో ఏ గొడవ జరిగినా పొరుగువాడు ఎవరి తలుపు తట్టవలెనో ఈ లెక్క చెప్పదు.

రెండవ దారి న్యూయార్కుది. అపార్టుమెంటు ఇండ్లను ముప్పై దినాల కన్న తక్కువకు ఇవ్వవలెనంటే శాశ్వత నివాసి ఆ ఇంట్లో ఉండి తీరవలెనని 2010లో చట్టం చేసినారు. చాలమంది దాన్ని లెక్కచేయలేదు. 2023 సెప్టెంబరు నుండి ప్రతి గృహస్థూ నగరం దగ్గర నమోదు కావలె, అతిథులతో పాటు ఇంట్లో ఉండవలె, ఇద్దరి కన్న ఎక్కువ మందిని పెట్టుకోకూడదు అని గట్టిగా అమలు చేసినారు. నమోదు లేని ఇంటికి బేరం కుదిర్చితే ఆ సంస్థకూ జరిమానా. ఇది చదివి నేను అర్థశాస్త్రం మరల తెరచినాను. నేరం జరిగితే కాదు, చెప్పకపోతేనే మూడు పణాలు!

హడ్సను నదికి ఇవతలి జెర్సీ సిటీలో ఈ తగవును నేను కళ్ళారా చూసినాను. మన తెలుగు పిల్లలు చాలమంది ఉన్న ఊరు అది. 2019లో మా పెద్దమ్మాయి దగ్గర ఉండగా ఉత్తరాల డబ్బా నిండ కరపత్రాలు వచ్చేవి, ఒప్పుకొమ్మని కొన్ని, వద్దని కొన్ని. యజమాని ఇంట్లో లేకపోతే సంవత్సరానికి అరవై రాత్రులు దాటకూడదని, కిరాయికున్నవాడు మరల కిరాయికి ఇవ్వకూడదని నగరసభ చేసిన కట్టడి మీద నవంబరులో ప్రజల ఓటు. మనవాళ్ళు కూడ రెండుగా చీలినారు. రెండవ ఫ్లాటు కొనుక్కొన్న అల్లుళ్ళు వద్దన్నారు. పసిపిల్లలతో లిఫ్టులో రోజూ కొత్త మొగాలను చూసే కోడళ్ళు కావాలన్నారు. పదింట ఏడు ఓట్లు కట్టడి వైపే పడినవి. అందరికీ ఇది సాగలేదు. డాలస్ నగరం 2023లో నివాసపు వాడలలో ఇటువంటి బసలను నిషేధించబోతే కోర్టు ఆపివేసినది. నా ఇల్లు నా ఇష్టమన్న వాదానికి అక్కడ బలమెక్కువ.

మన దేశంలో కామన్‌వెల్త్ క్రీడలకు గదులు చాలవని ఢిల్లీలో 2007లో ఒక చట్టం చేసి ఇండ్లలో అతిథులను ఉంచుకొనుటకు దారి తెరచినారు. కేంద్ర పర్యాటక శాఖ పథకంలోనూ ఆరు గదులకు మించకూడదన్న నియమంతో పాటు యజమాని కుటుంబంతో ఆ ఇంట్లోనే కాపురముండవలెనన్న నియమమున్నది. విదేశీయుడు బసచేస్తే 24 గంటలలోగా తెలుపవలెనన్న కట్టడి హోటలుకే కాదు, సంసారి ఇంటికీ వర్తిస్తుంది. వీటిని ఎందరు పాటిస్తున్నారన్నది వేరే కథ. పండుగ సెలవులలో బాసరకు అక్షరాభ్యాసాలకు వచ్చే జనాన్ని చూసినవారికి గదుల కొరత ఎంతో తెలుసు. పుష్కరాలప్పుడు కందకుర్తి సంగమం దగ్గర ఇంటి ముందరి పందిళ్ళు కూడ బసలే. అడ్డు చెప్పమని నేను అనను. అడ్డు చెప్పితే మా అత్త బ్రతుకు గడిచేది కాదు.

మా అబ్బాయికి ఇదంతా చెప్పలేదు. చెప్పితే మధ్యలోనే "నాన్నా, మీటింగుంది" అంటాడు. గానుగ కాలం ఎట్లాగూ లేదు, రుద్రూరులో నాకు తొందర పని ఏమీ లేదు, కిందిగదిలో నా మంచం వేయించు, నేను అక్కడ ఉన్న రాత్రులే పైభాగం ఇద్దాము, లేని నాడు వద్దు అన్నాను. నంబర్ల తాళం మాట ఏమిటన్నాడు. పెట్టించుకో, తలుపు మాత్రం నేనే తీస్తానన్నాను. కాసేపు మాట్లాడలేదు. "నెలకు ఎన్ని రోజులుంటరు?" అన్నాడు. పదిహేను అన్నాను. మీ అమ్మను అడిగి చెప్పుతానన్నాను.

ఎదురింటి ఆయన ఈ సంగతి విని, పదిహేను కాదు పది చాలన్నారు. పది దాటినాక గేటు చప్పుడు కాకూడదనీ అన్నారు. నిజామాబాదు గంజ్ దగ్గరి దుకాణంలో ఎర్ర గుడ్డ అట్ట పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతున్నవి. ఒకటి తెచ్చి గడులు గీసి పెట్టినాను. చివరి గడికి ఏమని పేరు పెట్టవలెనో తోచక అత్త మాటనే వ్రాసినాను, ఎవరి ఇంటి పక్క ఇల్లు అని.